కరువు సీమలో ప్లవకాల సాగు

ప్రవాహానికి ఎదురీదే శక్తి లేక, నీరు ఎటు తీసుకుపోతే అటు కదిలే జీవులను ప్లవకాలు అంటారు. ఎండ వెలుగుతో తమ ఆహారాన్ని తామే తయారుచేసుకునే సూక్ష్మ శైవలాలు వృక్ష ప్లవకాలు. వాటిని తిని బతికే రోటిఫర్లు, మొయినా, డాఫ్నియా, కోపిపాడ్లు జంతు ప్లవకాలు. గుడ్డులోంచి బయటపడిన చేపపిల్లకు రెండు మూడు రోజుల పాటు కడుపు కింది సంచిలో ఉన్న సొన సరిపోతుంది. అది అయిపోయేసరికి నోట్లో పట్టేంత చిన్నదై, కళ్లముందు కదులుతూ ఉండే ఆహారం దొరకాలి. పొడి మేతను ఎంత మెత్తగా నూరి వేసినా చాలా జాతుల పిల్లలు దాన్ని ముట్టవు, మింగినా అరిగించుకోలేవు. పైగా తినకుండా మిగిలిన పొడి అడుగుకు చేరి కుళ్లి నీటిని పాడుచేస్తుంది. ప్రాణమున్న ప్లవకం మాత్రం ఎవరో ఒకరు తినేదాకా నీటిలో ఈదుతూనే ఉంటుంది. అక్వేరియం చేపల చేత ఇంట్లో పిల్లలు పెట్టించాలన్నా, సముద్రపు తొట్టెలో పగడపు జీవులను పోషించాలన్నా ప్లవకాలను సజీవంగా పెంచుకోవాల్సి వచ్చేది ఇందుకే.

ఈ పెంపకానికి అనంతపురం పీఠభూమి అనువైన చోటని ఎవరికీ వెంటనే తోచదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన వస్తుంది. ఆ కాస్తా కూడా కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. తూర్పు తీరం 250 కిలోమీటర్లకు పైగా దూరం. కానీ ప్లవకాల జీవితచరిత్రను దగ్గరగా చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఇంట్లో పెంచదగిన జంతు ప్లవకాల్లో చాలావరకు ఎండిపోయే నీళ్లలో బతకడానికి అలవాటుపడ్డ జీవులే. డబ్బాలో ఎండు గుడ్లుగా అమ్ముడయ్యే ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి అయినా, వారం రోజుల్లో తొట్టెను నింపేసే మొయినా అయినా ఆ గుణం వల్లనే మనిషి చేతికి చిక్కాయి. కరువును తట్టుకోవడమనే గుణమే లేకపోతే ఇంట్లో సజీవ ఆహారం పెంచే విద్య ఇంత సులువయ్యేది కాదు.

అనంతపురం చుట్టుపక్కల నీటి చరిత్ర చెరువుల చరిత్రే. పట్టణం పక్కనున్న బుక్కరాయసముద్రం, అనంతసాగరం 14వ శతాబ్దంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్క ఒడెయరు కట్టించినవని చరిత్ర. శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం చెరువులు కూడా పెద్దవే. వీటిలో కొన్ని 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ-నీవా పథకం నీళ్లు చేరే చెరువుల సంగతి వేరు. వానను నమ్ముకున్న చిన్న చెరువులు, కుంటలు మాత్రం కొన్ని నెలలు నిండి, వేసవికి నెర్రెలు విచ్చుతాయి. వాన సరిగా లేని ఏడాది అసలు నిండవు. అలాంటి చెరువు అడుగు ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి ఆ పూడిక మట్టి చదరపు మీటరుకు వేలు, కొన్నిచోట్ల లక్షల సంఖ్యలో ప్లవకాల గుడ్లను దాచుకుని ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని గుడ్ల నిధి అంటారు.

ఈ నిధి ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి మొయినాను మించిన ఉదాహరణ లేదు. మిల్లీమీటరు పొడవున్న ఈ జీవి కంటికి తెల్లటి చుక్కలా, ఎగిరెగిరి పడుతున్నట్టు ఈదుతూ కనిపిస్తుంది. నీరు, మేత పుష్కలంగా ఉన్నంతకాలం మందలో ఉండేవన్నీ ఆడవే. మగవాటి అవసరం లేకుండానే తల్లి వీపు మీది సంచిలో గుడ్లు ఏర్పడి, అక్కడే పొదిగి, తల్లికి నకళ్లయిన పిల్లలు బయటికి వస్తాయి. వెచ్చని నీటిలో మూడు నాలుగు రోజులకే ఆ పిల్ల తల్లి అవుతుంది. ఆపై ప్రతి రెండు రోజులకో ఈత. పది పదిహేను జీవులతో మొదలైన తొట్టె వారం పది రోజుల్లో కిక్కిరిసిపోయే రహస్యం ఇదే.

నీరు తగ్గి, మేత కరువై, మంద ఒత్తుగా మారగానే తల్లులు మగపిల్లలను కనడం మొదలుపెడతాయి. అప్పుడు జతకట్టిన ఆడది మామూలు గుడ్లకు బదులు, నల్లని గట్టి తొడుగులో ఒకటి రెండు గుడ్లు మాత్రమే పెడుతుంది. కుబుసంతో పాటు ఊడిపోయే ఆ తొడుగు చెరువు అడుగు మట్టిలో కలిసిపోతుంది, లేదా ఒడ్డున ఎండిపోతుంది. లోపలి పిండం ఎదుగుదల ఆగి, జీవక్రియ దాదాపు నిలిచిపోయి, ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. ఆర్టీమియా గుడ్డులో ఈ పనికి సాయపడేది ట్రెహలోజ్ అనే చక్కెర. నీరు వెళ్లిపోయినప్పుడు అది కణాల్లోని ప్రోటీన్ల చుట్టూ, పొరల చుట్టూ గాజులా గట్టిపడి వాటి ఆకారం చెడకుండా కాపాడుతుంది. తడి తగలగానే ఆ గాజు కరిగి, ఆగిన చోటినుంచే జీవితం మళ్లీ మొదలవుతుంది.

ఇలాంటి గుడ్లు ఎంతకాలం నిలవగలవో అమెరికాలోని సరస్సుల బురద చెప్పింది. 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోడ్ ఐలండ్ సరస్సు అడుగున పొరలుపొరలుగా తవ్వి తీసిన కోపిపాడ్ గుడ్లలో 300 ఏళ్లకు పైబడినవి కూడా పొదిగాయి. 2014లో మిన్నెసోటా సరస్సు నుంచి సుమారు 700 ఏళ్ల నాటి డాఫ్నియా గుడ్లను పొదిగించారు. నీటి అడుగున, చల్లని చీకటి బురదలో సాధ్యమైన ఆయుష్షు అది. ఎండకు మాడే చెరువు మట్టిలో అంత కాలం సాగదు. అయినా రెండు మూడు వానలు తప్పిపోయినా తట్టుకునేంత ఓపిక ఆ గుడ్లకు ఉంది.

ఇందులో మరో విశేషం ఉంది. మొదటి వాన పడగానే మట్టిలోని గుడ్లన్నీ పొదగవు. కొంత భాగమే పొదుగుతుంది, మిగిలినవి తర్వాతి తడి కోసం ఆగుతాయి. మొదటి వాన నీరు వారంలో ఇంకిపోయి పొదిగినవన్నీ చచ్చినా వంశం నిలుస్తుంది. తొలకరికే విత్తనమంతా చల్లేయకుండా రెండో పదునుకు కొంత దాచుకునే అనంతపురం వేరుశనగ రైతు లెక్క కూడా ఇదే. తడిసి, ఎండి, మళ్లీ తడిసినప్పుడు పొదిగే గుడ్ల సంఖ్య పెరగడం చాలా జాతుల్లో కనిపిస్తుంది. ఇంట్లో పెంచేవారికి ఇది పనికొచ్చే విషయం. తెచ్చిన మట్టిలోంచి తొలిసారి ఏమీ రాకపోతే దాన్ని పారేయకుండా, ఆరబెట్టి మరోసారి నీళ్లు పోయాలి.

దక్షిణ భారతంలోని వాన గుంటల్లో ఇలా పుట్టుకొచ్చే వాటిలో అందరి కళ్లలో పడేది స్ట్రెప్టోసెఫాలస్ అనే చిన్న రొయ్యలాంటి జీవి. వీపు కిందికి, కాళ్లు పైకి పెట్టి ఈదుతుంది. ఒకటి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. వాన నిలిచిన గుంటలో రెండు వారాలు తిరక్కముందే పెరిగి, గుడ్లు పెట్టి, గుంట ఎండేలోగా తన పని ముగిస్తుంది. నీటిలోని శైవలాలను, బాక్టీరియాను వడకట్టుకుని తినే ఈ జీవి అక్వేరియంలోని పెద్ద చేపలకు మంచి మేత. చేపలున్న చెరువులో మాత్రం ఇది దొరకదు. దాక్కునే తెలివి, పారిపోయే వేగం లేవు కనుక చేప రాని తాత్కాలిక గుంటలే దాని స్థావరాలు.

చెరువు మట్టి నుంచి విత్తు సంపాదించడం కష్టమైన పని కాదు. ఎండిన కుంట అంచున, గాలికి కొట్టుకొచ్చిన చెత్త చేరే వాలు దగ్గర, పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టిలోనే గుడ్లు ఎక్కువ. ఆ మట్టిని రెండు పిడికిళ్లు తెచ్చి, వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, వాననీరు గానీ ఆర్‌ఓ నీరు కలిపిన బోరు నీరు గానీ నాలుగు వేళ్ల లోతు పోసి వెలుతురులో ఉంచాలి. ఉప్పు శాతం తక్కువగా ఉన్న నీరే గుడ్లను నిద్ర లేపుతుంది. రెండో రోజు నుంచి వారం లోపల కదిలే చుక్కలు కనిపిస్తాయి. మొయినా, రోటిఫర్లు, సైక్లాప్స్ అనే కోపిపాడ్లు కలిసి వస్తాయి. వాటిని భూతద్దం కింద చూస్తూ, ఇంకు ఫిల్లరుతో కావలసిన జాతిని ఒక్కొక్కటిగా ఏరి శుభ్రమైన గ్లాసులోకి మార్చుకోవాలి. ఒక్క ఆడ మొయినా చాలు, పది రోజుల్లో మంద తయారవుతుంది. ఈ ఏరివేత విసుగు పుట్టించే పనే. దీన్ని దాటవేసి చెరువు నీటిని నేరుగా తొట్టెలో పోసినవారికి తూనీగ పిల్లలు, హైడ్రాలు, చేపల మీద బతికే పరాన్నజీవులు కూడా వచ్చి చేరతాయి.

పెంపకంలో అసలు పని మేత తయారుచేయడం. మొయినా ఒక సజీవ జల్లెడ. నీటిలో తేలే శైవలాలు, బాక్టీరియా, ఈస్ట్ కణాలను కాళ్ల మీది సన్నని నూగుతో వడకట్టుకుంటుంది. కనుక మొయినాకు మేత పెట్టడం అంటే నీటిని కాస్త మసగ్గా ఉంచడం. చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు లీలగా కనబడేంత మసక సరిపోతుంది. దానికి ఈ ప్రాంతంలో దొరికే అత్యుత్తమమైన వస్తువు వేరుశనగ చెక్క. లక్షల ఎకరాల్లో వేరుశనగ పండే జిల్లాలో గానుగల దగ్గర ఇది ఎప్పుడూ దొరుకుతుంది. నూనె తీశాక మిగిలిన చెక్కలో 40 శాతానికి పైగా ప్రోటీన్ ఉంటుంది. నీటిలో నానాక ఆ ప్రోటీన్‌ను బాక్టీరియా విడగొడుతుంది. ఆ బాక్టీరియానూ, విడుదలైన పోషకాలతో పెరిగిన శైవలాలనూ మొయినా తింటుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఆంధ్ర తీరంలో బొచ్చె, రోహు పిల్లలను పెంచే నర్సరీ చెరువులు దశాబ్దాలుగా దీనిమీదే నడుస్తున్నాయి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారం హెక్టారు నర్సరీకి 750 కిలోల వేరుశనగ చెక్క, 200 కిలోల పేడ, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. అందులో సగాన్ని ముద్దగా కలిపి, చేపపిల్లలను వదలడానికి రెండు మూడు రోజుల ముందే చల్లుతారు. చేపపిల్ల నీటిలోకి దిగేసరికి మేత సిద్ధంగా ఉండాలన్నది దీని ఉద్దేశం. ఇంటి తొట్టెకు అదే సూత్రాన్ని చిన్న కొలతలో వాడుకోవచ్చు. 100 లీటర్ల నీటికి 25 గ్రాముల చెక్కను రాత్రంతా నానబెట్టి, పలుచటి గుడ్డలో వడకట్టి, ఆ పాలలాంటి నీటిని రెండు మూడు విడతలుగా పోయాలి. పిప్పి తొట్టెలో పడకూడదు. అడుగున చేరి కుళ్లేది అదే. చెక్క అందనిచోట 100 లీటర్లకు రెండు మూడు గ్రాముల ఈస్ట్ పనిచేస్తుంది. కానీ ఈస్ట్ మీదే పెరిగిన మొయినాలో చేపపిల్లకు కావలసిన కొవ్వు ఆమ్లాలు తక్కువ.

చెక్క కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. బూజు వాసన వచ్చే చెక్కను దగ్గరికి రానీయకూడదు. వేరుశనగ కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చొరబడి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కరువు ఏడాది పంటలో ఈ ముప్పు ఎక్కువ. తేమ తగిలేలా నిలవ చేస్తే ఇంకా పెరుగుతుంది. నూనెలో కన్నా చెక్కలోనే ఈ విషం ఎక్కువగా మిగిలిపోతుంది. పశువులకు పనికిరాని చెక్క ప్లవకాలకూ పనికిరాదు.

తర్వాతి సమస్య ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. విదేశీ పుస్తకాలు ఎక్కువగా మెచ్చుకునే డాఫ్నియా మాగ్నా 20 డిగ్రీల చుట్టూ సుఖంగా ఉండే జీవి. ఇక్కడి వేసవిలో దాన్ని నిలబెట్టాలనుకోవడం వృథా ప్రయాస. మొయినాకు 24 నుంచి 31 డిగ్రీలు ఇష్టం, అంతకు మించిన వేడినీ కొంతవరకు తట్టుకుంటుంది. అందుకే ఈ రెండింటిలో పీఠభూమికి తగినది మొయినాయే. వేడితో పాటు ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్ 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. అదే సమయంలో చెక్కను కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను మరింత తొందరగా వాడేస్తుంది. ఆక్సిజన్ తగ్గిన తొట్టెలో మొయినా ఒంట్లో హిమోగ్లోబిన్ పెరిగి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు అందంగానే ఉంటుంది కానీ అది మేత ఎక్కువైందని చెప్పే గుర్తు.

పొడి గాలి ఇక్కడ ఒక మేలు చేస్తుంది. తీరప్రాంతంలో ఉక్క వల్ల పనిచేయని తడి గోనె ఉపాయం అనంతపురంలో చక్కగా పనిచేస్తుంది. మట్టి తొట్టెకో సిమెంటు తొట్టెకో తడి గోనె చుట్టి నీడన పెడితే ఆవిరయ్యే నీరు వేడిని లాక్కుపోయి లోపలి నీరు గాలికన్నా చాలా చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ము మట్టిపాత్రలా ఊరదు కనుక దానికి గోనెను పదేపదే తడపాలి. తొట్టె లోతుకన్నా వెడల్పు ముఖ్యం, గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది. చిన్న ఎయిర్ పంపు పెడితే పెద్ద బుడగలే రావాలి. సన్నని బుడగలు మొయినా చిప్ప కింద ఇరుక్కుని, దాన్ని పైకి తేల్చి చంపుతాయి.

నీరు ఎలాంటిదన్నది మరో ప్రశ్న. అనంతపురం బోర్ల నీరు గట్టిది, క్షార గుణం ఉన్నది. చాలాచోట్ల ఫ్లోరైడ్ తాగునీటికి అనుమతించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటింది. గట్టి నీరు మొయినాకు ఇబ్బంది కాదు. ఇబ్బంది క్షార గుణంతోనే. పి.హెచ్. పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ చెక్క నుంచి పుట్టే అమ్మోనియాలో విషపూరితమైన రూపం వాటా పెరుగుతుంది. కాబట్టి చల్లని ప్రాంతాలకు రాసిన మేత కొలతలను ఇక్కడ తగ్గించి వాడాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు ఆరుబయట నిలవ ఉంచి వాడాలి. అన్నిటికన్నా మంచిది మిద్దె మీద పట్టిన వాననీరు. దాన్ని బోరు నీటిలో సగం కలిపితే చాలు.

లీటరుకు పాతిక మొయినాలతో తొట్టెను మొదలుపెడితే వారం తర్వాత కోతకు వస్తుంది. రోజుకు పావు వంతుకు మించి తీయకూడదు. తీయకుండా వదిలేసినా నష్టమే. మంద కిక్కిరిసి, మగవి పుట్టి, నల్లని గుడ్ల తొడుగులు కనిపించాయంటే ఆ తొట్టె కూలిపోయే దశకు వచ్చినట్టు. కూలిపోవడం ఈ పెంపకంలో తప్పించుకోలేని సంగతి. ఎంత అనుభవం ఉన్నా ఒకే తొట్టెను ఎల్లకాలం నడిపినవారు లేరు. అందుకే రెండు మూడు తొట్టెలను వారం తేడాతో నడపాలి. కూలిన తొట్టె అడుగు మడ్డిని నీడలో ఎండబెట్టి కాగితపు పొట్లంలో దాచిపెట్టుకుంటే అదే మళ్లీ విత్తు. తొట్టెల మీద దోమతెర బిగించడం మరవకూడదు. మూత లేని నీరు డెంగీ దోమకు పుట్టిల్లు.

రోటిఫర్లు మొయినాకన్నా ఎంతో చిన్నవి, మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు. బ్రాకియోనస్ అనే ఉప్పునీటి రోటిఫర్ మొదట శత్రువుగా పరిచయమైంది. జపాన్‌లో ఈల్ చేపల చెరువులను పట్టి పీడించేది. తకాషి ఇటో 1960లో దాన్ని చేపపిల్లల మేతగా పెంచవచ్చని చూపడంతో సముద్రపు చేపల హ్యాచరీలకు దారి తెరుచుకుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పెట్టే ఈ జీవి వారం పది రోజులు బతుకుతుంది. లీటరుకు 15 నుంచి 20 గ్రాముల ఉప్పు ఉన్న నీటిలో, నానోక్లోరోప్సిస్ అనే రెండు మూడు మైక్రాన్ల శైవలం మేతగా మిల్లీలీటరుకు వందల సంఖ్యలో పెరుగుతుంది. ఈ శైవలాన్ని విడిగా, రోటిఫర్లు చొరబడకుండా పెంచాలి. ఒక్క చుక్క రోటిఫర్ నీరు పడితే రెండు రోజుల్లో పచ్చనీరు తెల్లబడిపోతుంది. గరిటెలు, గొట్టాలు వేర్వేరుగా ఉంచుకోవడం, ముందు శైవలం పని చేసుకుని తర్వాతే రోటిఫర్ల తొట్టె ముట్టుకోవడం అందుకే. శైవలానికి ఎరువుగా ప్రయోగశాలలు గిలార్డ్ ద్రావణం వాడతాయి. మన హ్యాచరీల్లో పెద్ద ట్యాంకులకు అమ్మోనియం సల్ఫేట్, సూపర్ ఫాస్ఫేట్, యూరియాలను 10:1:1 పాళ్లలో వాడే పద్ధతి ఉంది. ఇంటికి ఇదే చవక.

తెలుగునాట ప్లవకాల పెంపకం అతి పెద్ద ఎత్తున సాగేది విశాఖ నుంచి నెల్లూరు దాకా ఉన్న రొయ్య హ్యాచరీల్లో. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఇవి మరీ పెరిగాయి. రొయ్యపిల్ల జోయియా దశలో కీటోసెరాస్ వంటి శైవలాలను, ఆపై మైసిస్ దశ నుంచి ఆర్టీమియా పిల్లలను తింటుంది. ఆర్టీమియా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వంటి ఉప్పు సరస్సుల జీవి. దాని ఎండు గుడ్లు డబ్బాల్లో వస్తాయి. ఒక గ్రాములో రెండు మూడు లక్షల గుడ్లుంటాయి. లీటరు నీటిలో 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా వేసి, 28 డిగ్రీల వేడిలో, దీపం వెలుగులో, అడుగు నుంచి గాలి కొడుతూ ఉంచితే ఒక్క రోజులో పొదుగుతాయి. గాలి ఆపాక పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు వైపు గుమిగూడతాయి. పుట్టిన కొద్ది గంటల్లోనే వాటిని చేపలకు వేయాలి. ఒంట్లోని సొన ఖర్చయ్యేకొద్దీ పోషణ విలువ పడిపోతుంది. సముద్రపు చేపలకు తప్పనిసరైన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం ఆర్టీమియాలో లేనట్టే. రెండో దశకు ఎదిగి నోరు తెరుచుకున్నాక శైవలాలతో మేపి ఆ లోటు పూరిస్తారు.

ఆ లోటు లేనివి కోపిపాడ్లు. సముద్రంలో చేపపిల్లల సహజాహారం ఇవే. వీటి పిల్లలు 100 మైక్రాన్ల లోపే ఉంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం కేంద్రం హ్యాచరీలో పిల్లలు పెట్టించిన గ్రూపర్ వంటి చేపల నోరు మరీ చిన్నది. వాటి తొలి మేతకు కోపిపాడ్ పిల్లలకు సాటి లేదు. ఇంట్లో పెంచడానికి తొట్టె అడుగున, గోడల మీద పాకే టిస్బే, టిగ్రియోపస్ రకాలు తేలిక. మంచినీటి కోపిపాడ్ అయిన సైక్లాప్స్‌కు రాయలసీమలో చేదు జ్ఞాపకం ఉంది. దిగుడుబావుల నీటిలో ఉండే సైక్లాప్స్ ద్వారానే నారికురుపు మనుషులకు సోకేది. నీరు గుడ్డతో వడకట్టి తాగడం, దిగుడుబావులను మూసి చేతిపంపులు వేయడం వల్ల ఆ రోగం దేశం వదిలింది. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఇప్పుడు సైక్లాప్స్ వల్ల ఆ భయం లేదు. దాని బంధువైన మీసోసైక్లాప్స్‌ను వియత్నాంలో కొన్నిచోట్ల నీళ్లతొట్లలో వదిలి, వాటి చేత డెంగీ దోమ పిల్లలను తినిపించి నిర్మూలించారు కూడా.

సముద్రపు అక్వేరియంలో ఈ ప్లవకాలన్నీ కలిసి చేసే పని పగడపు జీవులను పోషించడం. పగడం ఒంట్లో కాపురముండే శైవలాలు వెలుతురుతో చక్కెర తయారుచేసి దాని శక్తి అవసరంలో అత్యధిక భాగం తీరుస్తాయి. కానీ చక్కెరతో కండ పెరగదు. నత్రజని, భాస్వరం కోసం పగడం రాత్రిపూట స్పర్శకాలు చాచి ప్లవకాలను పట్టుకుంటుంది. సన్ కోరల్ వంటి వాటికి ఒంట్లో శైవలాలు లేవు, అవి పూర్తిగా వేట మీదే బతుకుతాయి. కొన్ని మెత్తటి పగడాలు వృక్ష ప్లవకాలను కూడా తింటాయని 1995లో ఎర్రసముద్రంలో జరిగిన పరిశోధన తేల్చింది. రాతి పగడాలకు మాత్రం పచ్చనీరు నేరుగా పెద్దగా ఉపయోగపడదు. ఆ నీటిని తిని పెరిగిన రోటిఫర్లు, కోపిపాడ్లు ఉపయోగపడతాయి. మేత దీపాలు ఆర్పిన తర్వాత, పంపు వేగం తగ్గించి వేయాలి.

పీఠభూమి మీద సముద్రపు నీటిని ఆర్‌ఓ నీటిలో లీటరుకు 35 గ్రాముల సముద్ర లవణ మిశ్రమం కలిపి తయారుచేసుకోవాలి. ఇక్కడి పొడి గాలికి 100 లీటర్ల తొట్టె రోజుకు రెండు లీటర్లు కోల్పోయినా ఆశ్చర్యం లేదు. నీరే పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీరే పోయాలి. బోరు నీరు పోస్తే దానిలోని ఖనిజాలు, నైట్రేట్లు రోజురోజుకూ పేరుకుపోతాయి.

పగడాలను పెంచాలనుకునేవారు చట్టాన్ని తెలుసుకుని ఉండాలి. 2001 నుంచి దిబ్బలు కట్టే రాతి పగడాలు, సీఫ్యాన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రాల నుంచి వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. ఎక్కడినుంచి వచ్చిందో కాగితాలు లేని పగడాన్ని ఏ దుకాణంలోనూ కొనకూడదు. సజీవ ప్లవకాలు మంచినీటి రంగుల చేపలకు, వాటి పిల్లలకు అంతే మేలు చేస్తాయి. ఈ విద్య నేర్చుకోవడానికి పగడాలే ఉండాలని లేదు.

తొట్టెలు కడిగిన నీటిని, మిగిలిపోయిన విత్తును, అక్వేరియంలో పెరిగిపోయిన చేపలను చెరువులో, కాలువలో పారబోయకూడదు. అక్వేరియం నుంచి తప్పించుకున్న సక్కర్ చేప ఆంధ్ర కాలువల్లో, చెరువుల్లో ఎలా పాకిపోయిందో చేపల రైతులకు తెలుసు. బయటి జాతి ప్లవకం అయితే కంటికి కనిపించకుండానే చెరువు మట్టిలో గుడ్లు పెట్టి తరాల పాటు అక్కడే ఉండిపోతుంది. ఒకసారి మట్టిలో చేరిన గుడ్లను తీసివేసే మార్గం లేదు. వాడిన నీటిని చెట్ల పాదుల్లో పోయండి. ఉప్పు నీటిని మాత్రం పాదుల్లోనూ పోయక, వెడల్పాటి పళ్లెంలో ఎండబెట్టి మిగిలిన ఉప్పును చెత్తలో వేయండి.